అక్కరలేని సీసా

“వాని చట్టీ పెనమూ అన్నీ బయట పెట్టించేసినా. పొద్దుగూకే లోపల బావి కాడి గుడిసె ఖాళీ కావాల,” అన్నాడు చెంగల్రాయలు.

వేలూరు బస్సులో గుడియాత్తం దిగి, అక్కణ్ణుంచి రెండు మైళ్ళు నడిచి, అప్పుడే గడపలో కాలు పెట్టిన మునికృష్ణ చేతిలో సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

“ఎవురి గుడిసె?” అని అడిగాడు, తెలిసే.

“ఇంకెవురిది? పెరియస్వామిది.”

నడవలో అమ్మ లక్ష్మీదేవి కీళానెల్లి అనే నేలఉసిరాకు రోట్లో వేసి దంచుతూ ఉంది. కామెర్లకు ఆ ఆకును మించిన మందు లేదని ఆమె నమ్మకం. పక్కన చాప మీద నాలుగు నెలల మనుమరాలు కాళ్ళు ఆడిస్తోంది. లోపలి గదిలో వదిన కమలాక్షి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె కళ్ళు పచ్చబడి ఆ ఆదివారానికి పదకొండు రోజులు.

“ఇరవై ఏండ్లుగా మన సేద్యంలో ఉండే మనిషి కదన్నా,” అన్నాడు మునికృష్ణ.

“ఉంటే? వాని నెత్తురు ఎక్కించినాకనే కదా ఇది ఇట్లయింది! గానుగ కాడ అందురి ముందరా అడిగినా. ‘ఒంట్లో ఏం రోగం పెట్టుకోని మా ఇంటిదానికి ఇచ్చినావురా?’ అని.”

“ఏమన్నాడు?”

“ఏమంటాడు? తల వంచుకోని నిలబడినాడు. తప్పు లేనోడు నోరు తెరిచి చెప్పడా?”

మునికృష్ణ నేల చూశాడు. తానూ పదకొండు రోజులుగా నోరు తెరవలేదు.

“నాకు కాన్పు అయిన ఆ పొద్దే మనసొప్పలేదు నాయనా,” అంది లక్ష్మీదేవి రోకలి ఆపి. “మనోళ్ళెవురూ లేరా ఇచ్చేదానికి అనుకుంటి. మీ అన్న సూది చూస్తానే వెనక్కి తగ్గె. నీకు ఆసుపత్రిలో డ్యూటీ ఉండాదంటివి. తోడుకు వచ్చినోడు వాడొకడు దొరికె. ఇప్పుడు చూడు, పలమనేరు నుంచి కమలాక్షి అన్న జాబు రాసినాడు. ‘మా ఆంధ్రాకు పంపించండి, మేము చూపించుకుంటాము’ అని. మూడేండ్ల ముందు దాకా అందురమూ ఒకే మదరాసు సీమ. ఇప్పుడు ‘మా ఆంధ్రా’ అంట!”

ఆ జాబు కిటికీ గూట్లో ఉంది. ఆ ఇంటి మగవాళ్ళు చదివింది అరవ బడిలో. తెలుగు అక్షరాలు చదవగలిగింది కమలాక్షి ఒక్కతే. తనను తీసుకుపోతామని రాసిన జాబును ఆమే మంచం మీద లేచి కూర్చుని అత్తకు చదివి వినిపించి ఉంటుంది. ఆ ఊహ మునికృష్ణను కుదురుగా నిలబడనివ్వలేదు.

నిజమేమిటో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు. పెరియస్వామి నెత్తురు వదినకు ఎక్కించనేలేదు. కాన్పు రోజున పరీక్ష చేస్తే ఇద్దరి నెత్తురూ కలవలేదు. ఆసుపత్రి పద్ధతి ప్రకారం అతను ఇచ్చిన సీసాను ఐసుపెట్టెలో దాచి, బదులుగా ఆమెకు సరిపోయే వేరే సీసా తీసి ఇచ్చారు. అది ఎవరో వేలూరు కంటోన్మెంటు స్టేషనులో పనిచేసే రైల్వే మనిషిది. ఆ రోజు ఈ సంగతి ఇంట్లో చెప్పాల్సిన పని కనిపించలేదు. కామెర్లు వచ్చాక చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే అన్న వేసే తరువాతి ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు మొన్న శుక్రవారం తన చేతులతో తానే రాసి వచ్చాడు.

*

వేలూరులో అతను పనిచేసేది వంద పడకల ఆసుపత్రి. పెద్ద డాక్టరు ఆరోకియమేరి ఆంబూరు ఆవిడ. తల నెరిసినా మెట్లు రెండేసి ఎక్కుతుంది. గడిచిన ఏడాది ఆసుపత్రిలో ఎక్కించిన రెండువందల పన్నెండు సీసాల రక్తంలో నిజంగా అవసరమైనవి ఎన్నో తేల్చాలని ఆమె పట్టుబట్టింది. ఆ పని మునికృష్ణకు అప్పగించింది. గుమాస్తా ఒక్కో సీసా వివరాన్ని ఒక్కో అట్ట మీద ఎత్తి రాశాడు. రోగి పేరూ, రక్తం ఎక్కించమన్న డాక్టరు పేరూ కనబడకుండా వాటి మీద కాగితం ముక్క అతికించాడు. నెల రోజులుగా మునికృష్ణ వాటిని మూడు గుట్టలుగా వేస్తున్నాడు: అవసరం, సందేహం, అక్కరలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఒక అట్ట చదివి అతను నవ్వాడు.

“ఏమి నవ్వు?” అంది ఆరోకియమేరి, ఎదుటి బల్ల దగ్గర నుంచి.

“ఈ డాక్టరుకు రక్తమంటే టానిక్కు మాదిరి ఉండాదమ్మా. రెండో కాన్పు. పోయిన నెత్తురు అప్పుడే నిలిచిపోయింది. నాడి బాగుండాది, రక్తపోటు బాగుండాది. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. ఇనుము మాత్రలు ఇస్తే రెండు నెలల్లో లేచి తిరుగుతుంది. ఈ ఒక్క సీసాతో ఆమెకు ఒరిగేదేమీ లేదు. చెడు మాత్రం జరగొచ్చు.”

“యాడ పెడతావు?”

“అక్కరలేదు గుట్టలో.”

“కారణం రాయి.”

రాశాడు. ‘రోగి కోసం కాదు, బంధువుల తృప్తి కోసం ఇచ్చినది.’ రాసి, మాట బాగా కుదిరిందని ఒకసారి చదువుకున్నాడు కూడా.

ఆరోకియమేరి లేచి వచ్చి, అట్ట మీది కాగితం ముక్కను గోటితో మెల్లగా లేపింది. కింద గుమాస్తా గుండ్రటి అక్షరాలు. కమలాక్షి, గుడియాత్తం. ఎక్కించమన్న డాక్టరు, మునికృష్ణ.

మునికృష్ణ ఆ పేర్లను రెండుసార్లు చదువుకున్నాడు.

“మీకు ముందే తెలుసా అమ్మా?”

“తెలుసు. నీదని నీకు తెలీకుండా నువ్వు రాయాలనే అతికించమన్నాను.”

“ఇది మా ఇంటి మనిషిది. ఈ ఒక్క అట్ట లెక్కలో నుంచి తీసేస్తే...”

అడిగిన మరుక్షణం అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఆరోకియమేరి అక్కరలేదు గుట్ట మీద చెయ్యి వేసింది.

“ఇందులో నూటనాలుగు ఉండాయి. నువ్వే రాసినావు. నీది తీసేస్తే నూటమూడు. ఆ నూటమూడూ ఎవురి ఇంటివి?”

అతను కాగితం ముక్కను మళ్ళీ అట్ట మీద అద్దాడు.

“ఈ ఏడాది లెక్కలో రక్తం ఎక్కించుకోని పోయినోళ్ళలో తొమ్మిదిమంది కామెర్లతో తిరిగొచ్చినారు,” అంది ఆమె. “తిరిగొచ్చినోళ్ళను మాత్రమే మనం లెక్కబెట్టినాం. మీ వదినకు ఎట్లుండాది? బాగుండాదా?”

“బాగుండాదమ్మా,” అన్నాడు మునికృష్ణ.

ఆ అబద్ధం అతనితో పాటే బస్సెక్కింది. విరించిపురం దాటినా దిగలేదు.

*

“అన్నా, పెరియస్వామిని పంపొద్దు,” అన్నాడు ఇప్పుడు, సంచి కింద పెట్టి. “ఆ నెత్తురు వానిది కాదు.”

రోకలి ఆగిపోయింది.

“కాదా? మేము చూస్తా ఉండంగానే కదరా తీసినారు!”

“తీసినారు. వదినకు సరిపడలేదు. దానికి బదులు వేరే సీసా ఎక్కించినాము. అది ఎవురో రైల్వే ఆయనది.”

చెంగల్రాయలు తమ్ముడి ముఖంలోకి చూశాడు. “ఎవుడో ఊరూ పేరూ తెలీనోడి నెత్తురా?”

“ఎవురిదైతే ఏమన్నా? ఇచ్చినోళ్ళ ఒంట్లో ఈ కామెర్ల రోగం ఉండేది వాళ్ళకే తెలీదు. పరీక్షలో కూడా కనపడదు. అందుకే తప్పనిసరి అయితే తప్ప ఎక్కించకూడదు. వదినకు...” కింద పెట్టిన సంచి వైపు చూశాడు. “వదినకు అసలు నెత్తురే అక్కరలేకపోయె.”

“ఏమంటివి?”

“మాత్రలతో పొయ్యేది. నువ్వు మంచం కాడ నిలబడి ‘డాక్టరు చదివినావు కదరా, ఏమన్నా చెయ్యి’ అంటివి. అమ్మ ఏడుస్తా ఉండె. మీ ముందర ఏమన్నా చేసినట్టు కనపడాలనిపించె. చేసినా.”

అన్న కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. చెంగల్రాయలు కొట్టలేదు. లేచి పోయి వీధి తలుపు మూశాడు. గడియ పెట్టాడు. వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“ఈ మాట ఈ గడప దాటకూడదు. ఇనినావా? అమ్మా, నువ్వు కూడా. నీ చదువు కోసం నేను ఐదో క్లాసులో బడి మానేసి మడక పట్టి దున్నినా. రేపు నువ్వు ఈ ఊర్లో బోర్డు కట్టుకోని కూర్చుంటే, ‘సొంత వదినకే రోగం ఎక్కించినోడు’ అని ఒక్కడు అంటే చాలు, నీ తావకు ఎవుడొస్తాడు?”

“మరి పెరియస్వామి?”

“వాడు యాడైనా కూలి చేసుకోని బతుకుతాడు. వానికేమి?”

“అన్నా, వాడు ఏమీ చెయ్యలేదు!”

“నువ్వు చేసినావు కదా. ఎవురో ఒకరు మొయ్యాల. నిన్ను మొయ్యనిస్తానా నేను?”

అన్న గొంతులో కోపం లేదు, ప్రేమే ఉంది. అది తెలిసి మునికృష్ణ మరింత కుంగిపోయాడు.

“తలుపెందుకు మూసినారు? గాలి ఆడలేదు నాకు,” అంది కమలాక్షి.

గోడ పట్టుకుని గది గడపలో నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. ఆమె కళ్ళలోని పసుపు, మూసిన తలుపుల చీకట్లో కూడా తెలుస్తోంది.

“వదినా...”

“అంతా ఇనినా. ఆ పొద్దు నేను చెప్తి కదా నాయనా. ‘నాకు బాగుండాది, ఆకలేస్తా ఉండాది, ఇంత అన్నం పెట్టండి’ అంటి. గుర్తుండాదా?”

గుర్తుంది. ఆ మాట అట్ట మీద లేదు. రోగి ఏమన్నదో రాసే గడి ఆ అట్టల్లో ఎక్కడా లేదు.

“నువ్వు నా చెయ్యి పట్టుకోని, ‘నీకు తెలీదు వదినా, గమ్మునుండు’ అంటివి. సరే, డాక్టరు కదా అని గమ్మునుంటి.”

మునికృష్ణ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“నా కాళ్ళు పట్టుకుంటే ఏమొస్తాది? నీతో మాట్లాడేదానికి నాకిప్పుడు ఓపిక లేదు. ఒళ్ళు బాగైతే మాట్లాడతా. ముందు పోయి ఆయప్పకు చెప్పు. పదకొండు దినాలుగా మొగం దాచుకోని తిరగతా ఉండాడంట.” అప్పుడు మొగుడి వైపు తిరిగింది. “గడియ తియ్యండి.”

చెంగల్రాయలు కదల్లేదు. ఆమె తన వల్ల కాకపోయినా గోడ పట్టుకుని తలుపు దాకా నడిచింది. గడియ తానే తీసింది.

*

గుడిసె ముందు చట్టీలు, చాప, ఒక పాత ట్రంకుపెట్టె వరసగా ఉన్నాయి. పెరియస్వామి భార్య చిన్నపొన్ను గుడ్డల మూట కడుతోంది. అతను బావిగట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మునికృష్ణను చూడగానే చెయ్యి ఊతం వేసుకుని లేవబోయాడు.

“లేవొద్దు. కూర్చో.”

“పరవాలేదు చిన్నయ్యా.”

లేచాడు. ఆ లేవడానికే ఊపిరి ఎగపోసింది.

మునికృష్ణ నిలబడే చెప్పాడు. వదినకు ఎక్కించింది నీ నెత్తురు కాదని, నీ వల్ల ఏమీ జరగలేదని, ఆ సంగతి తనకు మొదటి నుంచీ తెలుసనీ. చివరి మాట మాత్రం చాలా మెల్లగా అన్నాడు.

చిన్నపొన్ను మూట కట్టడం ఆపింది. పెరియస్వామి ముఖంలో కోపం కోసం మునికృష్ణ వెతుక్కున్నాడు. అక్కడ వేరే దిగులు కనబడింది.

“అయితే నాది యాడికి పోయె చిన్నయ్యా?”

“ఇంకెవురికో ఎక్కించి ఉంటారు.”

“ఆయప్ప బాగుండాడా?”

మునికృష్ణకు తెలియదు. రెండువందల పన్నెండు అట్టలు చూశాడు కానీ ఈ మనిషి ఇచ్చిన సీసా ఏ అట్టలో ఉందో వెతకాలని అతనికి తోచనే లేదు.

“ఇన్ని దినాలుగా అదే ఆలోచన,” అన్నాడు పెరియస్వామి. “ఆయమ్మకు నా వల్ల ఇట్లయితే నేనెట్ల బతికేది అని.” రెండు మాటలకు ఒకసారి ఆగుతున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి ఈ ఎగపోత?”

“ఏమీ లేదు సామీ, వయసు...”

“ఏమి వయసు? నలభై దాటలేదు!” అంది చిన్నపొన్ను. “ఆ పొద్దు వేలూరు నుంచి వచ్చినప్పట్నుంచే. ముందే ఓపిక తక్కువ మనిషి. ఇప్పుడు రెండు కడవలు నీళ్ళు చేదితే గట్టు మీద కూలబడతాడు. గానుగ కాడ చెరుకు మొయ్యలేకపోతే, మీ అన్న ‘సోమరి’ అన్నాడు.”

మునికృష్ణ దగ్గరికి పోయి, అతని కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగాడు. లోపల ఎరుపన్నది లేదు. తెల్లగా పాలిపోయి ఉంది. గోళ్ళు పల్లం పడి గుంటలుగా ఉన్నాయి. కింద కూర్చుని మోకాలి దిగువన వేలితో నొక్కితే పడిన గుంట అట్లాగే నిలిచింది.

నెత్తురు ఇచ్చేవాళ్ళకు ముందు ఒక చుక్క తీసి పరీక్ష చేయాలి. ఆ రోజు పరీక్ష చేసే మనిషి అడిగాడు కూడా. “మా మనిషే, గట్టివాడు, తీసుకో,” అన్నాడు తాను. ఇరవై ఏళ్ళుగా తమ పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషి పొట్టలో ఏ పురుగులు ఉంటాయో, అవి ఎంత నెత్తురు తాగుతాయో చదివిన చదువు అప్పుడు గుర్తుకు రాలేదు. ఆకలేస్తోందన్న ఆమెకు సీసా ఎక్కించి, నిలబడలేని ఇతని నుంచి సీసా తీయించాడు.

‘ఇతనికి వెంటనే రక్తం ఎక్కించాలి’ అనుకున్నాడు. అనుకున్నాక భయం వేసింది. ఈ సీసా ఇతని కోసమా, తన మనసు కుదుటపడడం కోసమా? ఇలాంటివాళ్ళకు చాలామందికి పురుగుల మందూ ఇనుమూ చాలు. గుండె అలిసిపోయి ఉంటే ఒక్కసారిగా ఎక్కించిన సీసా ప్రాణం తీయగలదు కూడా.

“పడుకుంటే ఊపిరి ఆడతా ఉండాదా?” అని అడిగాడు.

పెరియస్వామి భార్య వైపు చూశాడు.

“పడుకుని పది దినాలాయె. కూర్చోనే నిద్రపోతాడు,” అంది చిన్నపొన్ను.

గుండె అప్పటికే అలిసిపోయిందన్నమాట. మునికృష్ణ లేచి నిలబడ్డాడు. “ఈ పొద్దే వేలూరుకు పోవాల. బండి తెస్తా. ఆడ నెత్తురు తీసి పరీక్ష...”

“మళ్ళానా?” అంది ఆమె. “ఈసారి ఎవురికి సామీ?”

అతను చెప్పేలోపలే పెరియస్వామి తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. ఎడమ చెయ్యి మడత విప్పి, మోచేతి లోపలి వైపు పైకి వచ్చేట్టు ముందుకు చాచాడు. “ఆయమ్మకేనా చిన్నయ్యా? పోదాం పాండి. ఈసారన్నా సరిపోతాదేమో.”

మునికృష్ణ ఆ చెయ్యి చూడలేకపోయాడు.

చిన్నపొన్ను వచ్చి మొగుడి ముందు నిలబడింది. చాచిన చేతిని కిందికి దించింది.

“వేండాం, వద్దు. ఒక చుక్క కూడా ఇయ్యను.”

“తీసుకునేదానికి కాదు చిన్నపొన్నూ. వైద్యం ఇతనికే. ఒట్టు.”

“నేనెట్ల నమ్మేది? నిజం తెలిసి పదకొండు దినాలు గమ్మునుంటివి. ఇప్పుడు కూడా ఎవురూ లేని తావున, బావి కాడ చెప్తా ఉండావు.” ఆమె కళ్ళు దించలేదు. “మీ అన్న గానుగ కాడ నిలబడి, ఊరంతా ఇనేట్టు, నా మొగుని నెత్తురు చెడిపోయిందన్నాడు. నువ్వు కూడా ఆడ్నే చెప్పు. అందురి ముందరా. అప్పుడు బండెక్కిస్తా.”

“చిన్నపొన్నూ, ఊరుకో,” అన్నాడు పెరియస్వామి బలహీనంగా. మళ్ళీ గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

ఇంకొక్క మాట వాదించడానికి టైము లేదు. ఆమె అడిగినదాంట్లో తప్పూ లేదు. మునికృష్ణ చెరుకు తోట గట్టు మీద గబగబా నడిచాడు.

గానుగ తిరుగుతోంది. పెనంలో పానకం ఉడుకుతున్న వాసన తోటంతా కమ్ముకుంది. పదిహేనుమంది దాకా ఉన్నారు. ముసలి తంగవేలు గానుగెద్దులను తోలుతున్నాడు. చెంగల్రాయలు అప్పటికే వచ్చి పెనం దగ్గర నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఏ దారిన వస్తున్నాడో చూశాడు. ఎదురొచ్చాడు.

“యాడికి పోయింటివి?”

“పెరియస్వామి కాడికి. వాడు చచ్చిపోయేట్టు ఉండాడన్నా. బండి కావాల. దానికి ముందర ఇక్కడ ఒక మాట చెప్పాల.”

చెంగల్రాయలు తమ్ముడి మోచెయ్యి పట్టుకున్నాడు. బెల్లం పాకం అంటిన వేళ్ళు జిగటగా, వేడిగా ఉన్నాయి.

“బండి తోలుకోని పో. రెండెద్దులూ కట్టుకో. నేనే తోలతా కావాలంటే. కానీ ఆ మాట వద్దురా.” రెండో చెయ్యి నుదుటికి ఎత్తాడు. “నీకు దండం పెడతా తమ్మీ. వద్దు.”

అన్న తనను బతిమాలడం మునికృష్ణ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఏదో జరుగుతోందని అర్థమై తంగవేలు ఎద్దులను ఆపాడు. గానుగ కిర్రుమని నిలిచిపోయింది. చెరుకు అందిస్తున్నవాళ్ళు, పెనం కలుపుతున్నవాళ్ళు, అందరూ ఇటు తిరిగారు.

“ఏమి చిన్నయ్యా?” అన్నాడు తంగవేలు. “మీ వదినమ్మకు ఏమన్నా...?”

మోచేతి మీద అన్న వేళ్ళు ఇంకా బిగిశాయి. మునికృష్ణ వాటిని విడిపించుకోలేదు. అట్లాగే, ఆ పట్టులోనే, వాళ్ళ వైపు ఒక అడుగు వేశాడు.

“పెరియస్వామి నెత్తురులో ఏ చెడుపూ లేదు,” అన్నాడు. “చెడుపు యాడుండాదో నేను చెప్తా, ఇనండి.”